చప్పుడు లేని పెట్టె

ఔలు ఊళ్లో ఆ దుకాణం కుర్రాడు, యల్మరి,
నాలుగు మ్యూజిక్ సర్వర్లు బల్ల మీద వరసగా పేర్చి
అంకెలు అప్పజెప్పడం మొదలుపెట్టాడు.
ఇన్ని బిట్లు, ఇన్ని టెరాబైట్లు,
అంగుళం మందం అల్యూమినియం,
లోపలి గడియారం తప్పటడుగు వేయదట,
సెకనులో కోటి వంతైనా.

నేను సంచీలోంచి చెక్క గరిటె తీశాను.

ముప్పై ఒక్కేళ్లు కెమి కాగితం మిల్లులో
మూడో నంబరు యంత్రం దగ్గర నిలబడ్డదాన్ని.
స్క్రూడ్రైవరు మొన బేరింగుకీ పిడి చెవికీ ఆనించి
ఇది అరిగిపోతోందని
రెండు వారాల ముందే చెప్పేదాన్ని.
అమ్మేవాడు పొగుడుతాడు, అది వాడి ఉద్యోగం.
యంత్రం మాత్రం తన గురించి అబద్ధమాడదు.

"ఏదైనా పాట పెట్టమంటారా?"
"వద్దు బాబూ, ఉన్నదీ ఆపు.
ఇది ఊరుకున్నప్పుడు ఏమంటుందో విందామని వచ్చాను."

మొదటిదాంట్లో పంకా. కిటికీలో చిక్కిన ఈగ.
రెండోదాంట్లో డిస్కు తిరుగుతోంది,
పళ్లు లేని ముసలాయన బిస్కెట్టు నములుతున్నట్టు.
మూడోది మంచిదే,
కానీ అడుగునెక్కడో సన్నటి సణుగుడు,
గోడ అవతలి పోట్లాటలా:
మాటలు తెలియవు, కోపం తెలుస్తుంది.

నాలుగోది ఏమీ అనలేదు.
గరిటె తిప్పి, చెవి మార్చి, ఊపిరి బిగబట్టి విన్నాను.
నా నెత్తురే వినపడింది.
అన్నిట్లోకీ ఖరీదైనది అదే. ఎప్పుడూ అంతే కదా.

ఇంతా చేసి నా చెవులు ఏపాటివని?
ఆరోగ్య కేంద్రంలో గీసిన నా వినికిడి గీత
నాలుగు వేల హెర్ట్జ్‌ల దగ్గర గోతిలో పడింది.
ఎడమ చెవిలో ఒక జోరీగ పన్నెండేళ్లుగా కాపురముంటోంది,
అద్దె ఇవ్వదు.
పాటంటే చెవి కోసుకుంటానని అంటారు గానీ
కోసుకోవడానికి మిగిలింది ఒకటే.
దాన్ని మాత్రం ఒక పంకాతో పంచుకోలేను.

ఇంట్లో ఎనిమిది వందల డిస్కులు.
రోజుకు ఇరవై చొప్పున మింగింది.
మింగినదానికల్లా పేరూ బొమ్మా
ఎక్కడినుంచో అదే తెచ్చుకుంది.
ఒక్కదాని దగ్గర తడబడింది.
తొంభై మూడులో, మిల్లు క్యాంటీనులో,
మా బృందం పాడుకున్నది.
తెర మీద రాసింది: తెలియని కళాకారులు.

ఎవరికి తెలియనివాళ్లు?
కూర్చుని ఒంటివేలితో కొట్టాను.
తూయిక్కి, రోలర్ల దగ్గర, ఆల్టో.
అంటెరో, బాయిలరు, ఎప్పుడూ అరస్వరం కింద.
రైలి, లెక్కల గది,
చివరి చరణం మరిచిపోయి పెదవులే కదిపింది,
అది కూడా రాశాను.
ఏ రకం సంగీతం అని అడిగిన గడిలో:
రాత్రి షిఫ్టు.

అప్పుడు నొక్కాను.
పాటకు ముందు అందరం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాం,
నాకు గుర్తే. అది వినపడలేదు.
వంటగదిలో ఫ్రిజ్ గురకపెడుతోంది.

వెళ్లి ప్లగ్గు పీకాను.
లోపల నా చెల్లెలు ఇర్మెలి పంపిన చేపలు,
చిత్తడి నేలల్లో నడుం విరిగేలా ఏరిన హిల్లా పళ్లు.
మరిచిపోతే అన్నీ పాడు.
అందుకని ఇంటి తాళాలు తీసుకెళ్లి చేపల మీద పెట్టాను.
బయటికి పోవాలంటే ఆ తలుపు తీయక తప్పదు కదా.

మళ్లీ మొదటినుంచి.
ఇప్పుడు ఉంది, ఆ ఊపిరి.
దాని వెనకాల
ఇంకేదో కూడా.
క్యాంటీను గోడ అవతల, లోతుగా, ఆగకుండా,
మూడో నంబరు.
పాట పొడుగునా అదే శ్రుతి వేస్తోంది,
అంటెరో అరస్వరం దిగింది దానికోసమేనేమో.

వంద మైళ్ల నిశ్శబ్దం కొనుక్కుని
ఇంటికి తెచ్చుకున్నది దాన్నా!
నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఆగాను.
రెండో చరణం దగ్గర చిన్న గరగర.
ఏడో రోలరు. ఎడమవైపు బేరింగు.

"రెండు వారాలు," అన్నాను పైకే.
ఎవరూ రాసుకోలేదు.

తాళాల సంగతి మర్నాడు,
వంటగది నేలంతా నీళ్లయ్యాక గుర్తొచ్చింది.