ముల్లు కదలకూడదు

ఫహాహీల్‌లో సముద్రం వైపు నాలుగో సందు.
మూడంతస్తుల ఇల్లు, మిద్దె మీద రేకుల గది.
జూలై ఇరవై.
రాత్రి పది దాటినా గోడకు చెయ్యి ఆనిస్తే
పెనానికి ఆనించినట్టే ఉండాది.

"గాలి వస్తాంది నాయనా, చల్లదనమే రాలేదు"
అనింది ఓబుళమ్మ.
మా రాయచోటి మాట.
స్క్రూడ్రైవర్ చేతిలోనే ఆగిపోయింది.

సబ్బు నురగ పూసి టార్చి పట్టుకుని కూచున్నాను.
లోపలి కాయిల్ వెనక, మూడో వంపులో,
ఒక బుడగ ఉబ్బింది, పగిలింది, మళ్ళీ ఉబ్బింది,
నిద్రపోయే చంటిబిడ్డ పెదాల మీద ఉమ్ములాగ.
సూదిమొన బెజ్జం.

మా ఉస్తాద్ గుల్‌జమాన్ నేర్పిన పద్ధతి ఉండాది.
మిగిలిన గ్యాసు సిలిండర్లోకి దించాల,
నైట్రోజన్ సన్నగా పోనియ్యాల,
వాల్వుకు తడిగుడ్డ చుట్టాల,
రాగి ఎర్రబడేదాకా మంట పట్టుకుని
వెండి కడ్డీ తాకిస్తే
అట్టు అంచులోకి నెయ్యి జారినట్టు అదే దూరాల.
ఆ పైన వాక్యూమ్ పంపు, ముప్పావు గంట.
పంపు ఆపినాక గేజి ముల్లు కదలకూడదు.
"కదిలితే, అబద్ధం చెప్పినావని" అనేవాడు.
గ్యాసును కంసాలి మాదిరి తూకం వేసి పోసేవాడు.
ఎవరన్నా సీలెంట్ డబ్బా తెస్తే
రెండు వేళ్ళతో పట్టుకుని
చచ్చిన ఎలకను పారేసినట్టు బయట పెట్టేవాడు.

ఇరవై ఎనిమిది దినార్లు అవుతాదని చెప్పినాను.
ఇంటి బాబా ఫోన్లోనే "బాదేన్" అన్నాడు.
బాదేన్ అంటే తరువాత.
ఆ తరువాతకు తేదీ ఉండదు.

సెప్టెంబరు పదికి ఆమెకు టికెట్టు.
యాభై రెండు రాత్రులు.
తడి దుప్పటి పరుచుకుని పండుకుంటాందంట,
గంటకోసారి లేసి మళ్ళీ తడుపుకుంటాందంట.

వ్యాన్‌లో ఒక డబ్బా ఉండె.
తంకచ్చన్ సేటు మా అందరికీ పంచింది,
"పది నిమిషాల పని, రోజుకు పది ఇండ్లు" అని.
ఆ జిగురు గ్యాసు వెంబడి తిరుగుతాది,
బెజ్జం కాడ బయటి గాలి తగిలితే గట్టిపడుతాది.
లోపల చెమ్మ ఉంటే లోపలే గట్టిపడుతాది.
యాడ ఆగాలో దానికి చెప్పేవాడు లేడు.

తెలిసే ఎక్కించినాను.
డబ్బా ఊపి, గొట్టం బిగించి, పైన గ్యాసు కాస్త పోసి
ఐదు దినార్లు నా పేరు మీదే రాసుకున్నాను.
ఉస్తాద్ పెషావరుకు పోయి మూడేండ్లు,
అయినా ఒకసారి తలుపు వైపు చూసినాను.

అర్ధగంటకు ఓబుళమ్మ
ఏసీ కింద ముఖం ఎత్తి, కండ్లు మూసుకుని నిలబడింది.
డబ్బులు వద్దంటే
ఊరిమిరపకాయలు పొట్లం కట్టి ఇచ్చింది.

సెప్టెంబరులో విమానాశ్రయం నుంచి ఫోను:
"బయల్దేరినప్పుడు కూడా చల్లగానే ఉండె నాయనా."

మళ్ళీ మే నెలలో అదే మిద్దె.
గదిలో ఇప్పుడు టిగిస్ట్, ఇథియోపియా పిల్ల.
కంప్రెసర్ నొప్పులు పడే గొడ్డులాగ మూలుగుతాంది.
క్యాపిల్లరీ కోసి చూస్తే
లోపల తేనెరంగు గడ్డ, పాత తుమ్మబంక,
గోరుతో గీకినా రాలేదు.
"ఎవడు చేసినాడు ఈ పాపిష్టి పని?"
తంకచ్చన్ ఫోన్లో అరిచినాడు, తాను పంచిన డబ్బా మరిచిపోయి.
"నేనే" అన్నాను.
జీతంలో కోత సంగతి తర్వాత మాట్లాడదామన్నాడు.

ఈసారి తొంభై దినార్లు.
బాబా బాదేన్ అనలేదు.
ఆ మూలుగుకు కింద గదిలో
ఆయన పిల్లోళ్ళు నిద్రపోలేదంట.

కంప్రెసర్ మార్చినాను, కాయిల్ మార్చినాను,
ఒక్కో అతుకూ ఉస్తాద్ చెప్పినట్టే కాల్చినాను.
పంపు ఆపగానే టిగిస్ట్ వచ్చి అడిగింది, "ఖలాస్?"
"ఇంకా లేదు" అన్నాను.
బకెట్టు బోర్లించుకుని ఆమె కూడా కూచుంది.
ఇద్దరం ముల్లును చూస్తా ఉన్నాము.