ఒకట్ల స్థానం

సోహార్‌లో సముద్రాన్ని మంచినీళ్లు చేసే చోట
రాత్రి పని నాది.
మూడో లైను మీద ఓ పాత మీటరు,
ఎనిమిది గళ్లు, నల్లటి చక్రాల మీద తెల్లటి అంకెలు.
పది సెకన్లకో ఘనపు మీటరు.
నేను రాకముందే ఆరు కోట్లు దాటింది.

ఒక్క సంఖ్య కోసం నాలుగు నెలలుగా కాచుకున్నాను:
73939133.

నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.
పారేసిన లాగ్ షీట్ల వెనక, పెన్సిల్‌తో,
భాగిస్తూ పోయాను.
ఏడుతో రెండు మిగిలింది. పదకొండుతో నాలుగు.
పదమూడుతో ఎనిమిది.
ఆ ఎక్కం దగ్గరే నన్ను బెంచీ ఎక్కించిన యాదగిరి సారు
ఉంటే చూపించేవాణ్ణి.
వెయ్యికి పైగా ప్రధాన సంఖ్యలు వరసగా వచ్చి
తలుపు తట్టి పోయాయి.
ఆఖరిది 8597. దానికీ లొంగలేదు,
4933 శేషం చేతిలో పెట్టి పంపించింది.

అంతేనా అంటే, అంతే కాదు.
కుడి చివర అంకె కోసెయ్, మిగిలిందీ ప్రధానమే.
ఇంకోటి కోసెయ్, ఇంకోటి.
739391. 73939. 7393.
తోక తెగిన బల్లిలా బతికే ఉంటుంది
ఒంటి ఏడుగా మిగిలేదాకా.
పెంచబోతే మాత్రం ఒప్పుకోదు:
చివర ఒకటి పెట్టినా ఏడు పెట్టినా మూడొచ్చి కోస్తుంది,
మూడో తొమ్మిదో పెడితే ఇంకెవరో.
ఈ జాతిలో ఇంతకంటే పెద్దది లేదు.

నా లెక్కలో అది తెల్లవారుజామున నాలుగింటికి రావాలి.
ముందు 132 వస్తుంది, దాన్ని నాలుగు తింటుంది.
వెనక 134, దాన్ని ఆరు.
మధ్యన నాకు పది సెకన్లు.

నాలుగుకి పావు తక్కువకి అలారం మోగింది.
నీళ్లు లోపలికొచ్చే జల్లెడల నిండా జెల్లీ చేపలు.
పారలతో ఎత్తి పోస్తుంటే
చిక్కటి గంజిలా బూట్లలోకి జారాయి.
తిరిగొచ్చేసరికి నాలుగూ పన్నెండు.
చక్రాలు 205 దగ్గర తిరుగుతున్నాయి,
నాతో పని లేనట్టు.

నాలుగింటి గడిలో మురాద్ బక్ష్ రాసి ఉంచాడు:
73939130.

"చివర ఏముండె మురాద్?"
"మూడేమో. ఒకట్లు ఎవడిక్కావాలి భాయ్,
సున్నా పెడితే కూడడం తేలిక."

నిజమే. మా ఓవర్‌టైం నిమిషాలూ ఇట్లాగే సున్నాలవుతాయి.
జీతం చీటీలో బైసాలూ అంతే.
కోపం రాలేదని చెప్పను.
వాడు ఫ్లాస్కులోంచి చాయ్ పోసి నా ముందు పెట్టాడు,
వాడి మోచేతుల మీద ఇంకా తడి జిగురు.

రబ్బరు తీశాను. మళ్లీ జేబులో వేసుకున్నాను.
ఆ సున్నా మీద బొటనవేలు పెట్టి మూశాను:
7393913.

చాయ్ చల్లారేదాకా
వేలు తియ్యలేదు.