నెత్తిన అల ఉన్న పేరు

అచావో రేవులో వాన పట్టుకుంటే
ఎన్ని రోజులని ఎవరూ అడగరు.
చేపల గోదాం పైగదిలో, రేకు కప్పు కింద,
నేనూ ఎలియేసెరూ కాపలా కాసినవి నాలుగు సైట్లు:
పడవ టికెట్లు, ఆసుపత్రి వంతులు,
గ్రంథాలయం, దుంప విత్తనాల సంఘం.
నాలుగు వాకిళ్ళు. నాలుగు తాళాలు.

దోన్యా ఒతీలియా తన నాలుగు పాస్‌వర్డ్‌లూ
పిండి డబ్బా మూత లోపలివైపు రాసుకుంది.
కెటిల్ ఆవిరికి రెండు కరిగిపోయాయి.
సోమవారం సోమవారం ఫోను:
"అమ్మాయీ, నేనెవరో మీ యంత్రం మళ్ళీ మర్చిపోయింది."

అసలు తప్పు మాదే.
ఒకే పనిని నాలుగుసార్లు రాశాం,
నాలుగు రకాలుగా, తొందరలో.
ఆమె ఇంటిపేరు ఞాన్కుపెల్.
మొదటి అక్షరం నెత్తిన ఒక చిన్న అల ఉంటుంది.
పడవవాళ్ళే ఆ అలను కోసేశారు.
గ్రంథాలయంలో అదొక ఖాళీ డబ్బా.
ఆసుపత్రి తెరమీద ప్రశ్నార్థకం.
నర్సు అలాగే పిలిచేది, మొదటి అక్షరం మింగేసి.
ఒక్క విత్తనాల సంఘంలోనే
ఆమె పూర్తిగా ఆమె.

మా దీవుల్లో ఇల్లు మారడమంటే
ఇల్లే మారుతుంది.
కింద దుంగలు పరిచి, ఎడ్లు పూన్చి,
ఊరంతా తలా ఒక చెయ్యి వేసి లాగుతారు.
మేమూ అలాగే, రెండు చలికాలాలు,
పేర్లను కదిలించాం.
ఒకే మెయిల్ వాడుకునే అన్నదమ్ములు,
పుట్టిన తేదీ లేని పిల్లలు,
ఇంటిపేరు మార్చుకుని ఎవరికీ చెప్పని టీచరమ్మ,
వెయ్యిన్నీ తొమ్మిదివందల పదకొండు మందిని
ఒకే టేబుల్‌లోకి దింపాం.
తేదీ ఎలా రాయాలో,
తప్పు కొట్టినవాళ్ళకు ఎంత మెత్తగా చెప్పాలో
ఒకే ఫోల్డర్‌లో పెట్టాం,
నాలుగూ అక్కడే అరువు తెచ్చుకునేలా.
ఎలియేసెర్ వాళ్ళమ్మ
కుండెడు ఆలిచిప్పల పులుసు పంపింది.

ఇక ఒకే తాళంచెవి.
ఒకచోట దిద్దితే నాలుగుచోట్లా దిద్దినట్టే.
ఒకచోట విరిస్తే
అదీ చూశాం. ఒక మంగళవారం
నా చేతినుంచి ఒక కామా జారింది.
నాలుగు తలుపులూ ఒక్కసారే మూసుకున్నాయి.
రేవులో లిందోర్, టికెట్ యంత్రాన్ని గోనెసంచితో కప్పి
మొహాలు చూసి పడవెక్కించుకున్నాడు.
ఒక్కరినీ పొరబడలేదట.
ఆ మాట నాకు రెండుసార్లు చెప్పాడు.

ఆగస్టులో ఒతీలియా భర్త రోసమెల్ పోయాడు.
మూడో వారంలో ఆమె మెట్లెక్కి వచ్చింది.
తడిసిన శాలువా విప్పకుండానే అంది:
"ఆసుపత్రిలోంచి ఆయన్ను తీసెయ్యి.
వంతు కోసం చూసింది చాలు.
పడవలోంచీ తీసెయ్యి.
విత్తనాల దగ్గర మాత్రం ఉండనీ.
ఆ నల్లదుంప ఆయన పేరు మీదే కదా ఇస్తారు."

నా టేబుల్‌లో మనిషికి ఒకటే వరస.
ఉన్నాడా లేడా అన్నదానికి ఒకటే గడి.
ఎంత గర్వపడ్డామో ఆ గడికి!
ఒకచోట లేనివాడు మరోచోట ఉండటం
మేం కష్టపడి లేకుండా చేసిన తప్పు.

ఎలియేసెర్ చాలాసేపు మాతె పీల్చి అన్నాడు:
"మనిషెవరో గడప చెప్పాలి.
ఏ గదిలో కూర్చోవచ్చో ఆ గది చెప్పాలి.
రెంటినీ మనం ఒకే మేకుకు తగిలించాం."
ఆ మేకు పీకడానికి పదకొండు రోజులు పట్టింది.

ఇప్పుడు రోసమెల్‌కు పడవ లేదు, వంతు లేదు.
విత్తనాల పట్టికలో, నెత్తిన అలతో, ఉన్నాడు.
గ్రంథాలయం సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు.
తేనెటీగల పెంపకం మీద పుస్తకమొకటి
ఆయన తిరిగివ్వలేదు.
సోమవారం సోమవారం యంత్రం ఆయనకు ఉత్తరం రాస్తుంది,
దయచేసి ఒకసారి రండి అని.
ఆపెయ్యనా అన్న మాట నాకు నోటిదాకా వచ్చింది.
ఆమె గుమ్మంలో గొడుగు దులుపుతూ
"ఈ వారంది ఇంకా రాలేదేం?" అంది.