గుండుపప్పు

సెంప ఉబ్బినాది, ఎడమేపు.
గవదలనీసి పసుపూ సున్నం రాసినాం.
ఒక వారం. ఇంకో వారం.
నొప్పి లేదంటాది గుంట, నవ్వుతాది,
నవ్వితే మొకం ఒక పక్కకి బరువు.

రెండో తరగతిలో పుచ్చిన పాలపన్ను
ఎలాగూ ఊడిపోద్ది కదాని వొదిలేసింది నానే.

పలాసలో పాసింజరు, ఆముదాలవలసలో ఆటో,
శ్రీకాకుళం డే అండ్ నైట్ కాడ మేడమెట్లు.
మిషను మా జోషిత తల సుట్టూ ఒక్క తిరుగుడు తిరిగి
పళ్ళన్నీ నల్లపలక మీద పెట్టినాది.
పైన పాలవి, కింద ఇంకా రానివి,
బడిగంటకి వరస కట్టిన పిల్లల్లాగ.
ఒకటే, అడ్డంగా తొంగున్నాది
గుండ్రటి మబ్బులో.

"తిత్తి," అన్నాది డాక్టరమ్మ.
"రాని పన్ను తలని పట్టుకుని పెరుగుతోంది, ఎముకని తోసేసి."
సూదితో లాగితే
ఎండుగడ్డి నానిన నీళ్ళ రంగు.
ఆ జబ్బేనా అని నాను అడగలేదు.
అడగలేదని తెలిసి, "అలా లేదు,
అయినా ముక్క పరీక్షకి పంపుతాను" అన్నాది.

"పన్నూ తిత్తీ అన్నీ తీసీండి," మా ఆయన.
ఆవిడ నా ఏళ్ళకేసి సూసినాది,
జీడిచమురు కాల్చిన నల్లటి ఏళ్ళు.
"గుండు ఎలా తీస్తావు?"
"గట్టిగా నొక్కితే బద్ద, బద్దకి కూలి కోత.
పెంకు నోరు తెరిపించి, సూదితో, నెమ్మదిగా."
"నేను సూది కూడా పెట్టను," అన్నాది.
"కిటికీ తెరిచి కూచుంటాను."

పాలపన్ను తీసి, ఆ కన్నంలో
సిటికినేలంత లేని గొట్టం కుట్టినాది.
రోజుకి మూడుసార్లు ఉప్పునీళ్ళు సిరంజితో.
కరెంటు పోతే సెల్లు లైటు.
"పుక్కిలించు. ఉమ్మీ. మింగీకు."
గుంట నా సెయ్యి కొరికినాది ఒకనాడు.
నానూ ఒకటేసినాను. ఇద్దరం ఏడిసినాం.

మూడో నెల పలకలో మబ్బు సగమైనాది.
సుట్టూ తెల్లగా ఎముక,
సెలమలో నీరూరినట్టు.

తొమ్మిదో నెల. పొద్దున్నే.
"అమ్మా, నాలిక్కి గరుగ్గా ఏదో."
ఏలెట్టినాను. ఏటీ తెలవలేదు.
రేసను మిషనుకే దొరకని ఏలు,
దానికేటి తెలుస్తాది?
ఏలు మడిసి, కణుపు ఆనించి సూసినాను.

ఉన్నాది.
కాస్త వొంకర.
ఉండనీ.