చీటీలు మార్చిన మధ్యాహ్నం

సలాడో నది అడుగంటిన ఏడు
గట్టు మట్టిలోంచి ఒక తొడ ఎముక తొంగిచూసింది.
ఎద్దుది కాదు, గుర్రానిది కాదు.
మేమిద్దరం ఎత్తలేకపోతే
ఎవరిస్తో తన గొర్రెల బండి తోలుకొచ్చాడు.
"రాక్షసుడిదే" అన్నాడు చెమట తుడుచుకుంటూ,
సగం నమ్మి, సగం నవ్వి.

మ్యూజియంలో ఎర్మెలిందా
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి దాన్ని నిమిరింది.
"మెగాథేరియం" అంది,
తిరునాళ్ళలో తప్పిపోయిన మేనత్తను
చెయ్యి చూసి పోల్చుకున్నట్టు.

ఏనుగంత ఒళ్ళట.
వెనక కాళ్ళ మీద లేచి, తోక ఆన్చి,
కొమ్మను వంచుకు తినేదట.
నడిస్తే పాదం అంచు మీదే నడక.
దీనికీ సోమరి అనే పేరు!
ఎక్కడో అడవిలో
చెట్టుకు వేలాడే చిన్నదాన్ని చూసి
వంశమంతటికీ అంటించిన నింద.

నలభై ఏళ్ళుగా ఆవిడ బీరువాలో
కుటుంబాలు కుదురుగా ఉన్నాయి.
పై అర మెగాథేరియం వాళ్ళది.
కింద మైలోడాన్ వాళ్ళు,
చర్మం లోపల కాఫీ గింజలంత ఎముక గుండీలు
కుట్టుకున్న మొండివాళ్ళు.
మూలన మెగలోనిక్స్ వాళ్ళు, వాళ్ళ పంచన
బీరకాయపీచు చుట్టరికంతో రెండువేళ్ళ చెట్టు స్లోత్.
మూడువేళ్ళది మాత్రం
ఎవరికీ ఏమీ కాక, కిటికీలో, సీసాలో.

మొన్న రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది.
ఎముకను పొడి చేసి
అందులో మిగిలిన ప్రోటీన్‌ను అడిగారట:
నువ్వెవరి బిడ్డవి?
రెండువేళ్ళది మైలోడాన్ వాళ్ళ వైపు అంది.
మూడువేళ్ళది అనాథ కాదు,
మెగలోనిక్స్‌కే దగ్గరి చుట్టమంది.
పది వేల ఏళ్ళ తర్వాత కూడా
ఎముక అబద్ధమాడలేదు.

ఎర్మెలిందా రెండుసార్లు చదివింది.
కత్తెర అడిగింది.
ఆవిడ బడి సర్టిఫికెట్‌లో
తండ్రి పేరు ఉండాల్సిన చోట
అడ్డగీత ఉంటుందని ఊరందరికీ తెలుసు.
నేను చూపు తిప్పుకుని
జిగురు డబ్బా మూత తీశాను.

సీసాను పొదివి పట్టుకుని అర దగ్గరికి తెచ్చింది.
"ఇరుకవుతుందేమో" అన్నాను.
"కాస్త జరగమంటే జరుగుతారు" అంది,
పదకొండు దవడలను పక్కకు నెడుతూ.

తొడ ఎముక మాత్రం ఏ అరలోనూ పట్టలేదు.
తలుపు పక్కన గోనెపట్టా మీద పడుకుంది.
బడిపిల్లలు దాటుకుంటూ పోతారు.
ఆదివారం ఆదివారం ఎవరిస్తో వస్తాడు,
టోపీ తీసి చేత్తో పట్టుకుని
గుమ్మంలోంచే అడుగుతాడు:
"మావాడు ఎలా ఉన్నాడు?"