ఎనిమిదో తరం

పత్తి సీజన్ మొదట్లో, ఒక సోమారం పొద్దన,
కాటా రూములో తెర మీద నీలం చీటీ పడింది:
ఈ యంత్రం కొత్త వ్యవస్థకు పనికిరాదు,
రక్షణ అప్‌డేట్లు ఈ నెల్తో సరి.
ఊదొత్తి ఇంకా సగం కూడా కాలలేదు.

నేను ఉరుకుందును.
ఆదోని యార్డు గేటుకు ఎదురుగా
పదకొండేండ్లుగా బరువులు కొట్టేది నేనే.
నిండు లారీ ఎక్కుతాది, ఖాళీ లారీ దిగుతాది,
నడుమ మిగిలిన తేడానే రైతు.
ఆ తీసివేత చేసే పెట్టెకే
ఇప్పుడు పైనించి తీసివేత వచ్చింది.

షాషావలి వచ్చి నాలుగు మరలూ ఊడదీసినాడు.
లోపల చూస్తే పత్తి!
ఫ్యాను రెక్కల్లో, మెమరీ కడ్డీల సందుల్లో
పదకొండు సీజన్ల దూది, నల్లగా, మెత్తగా,
చంటిపిల్ల దిండుకు సరిపోయేంత.
"నీ యంత్రం కునికేది ఇందుకేన్నా" అని
బ్లోయరు పెట్టి ఊదినాడు. ఇద్దరమూ తుమ్మినాం.

ఆ పైన లెక్క చెప్పినాడు.
మెమరీ నాలుగుంది, ఎనిమిదైనా ఉంటే మేలు, వేయొచ్చు.
డిస్కు గిర్రున తిరిగే పాతది, మార్చొచ్చు.
బోర్డు మీద నమ్మకానికని ఒక చిప్పు ఉండాలంట,
గోరంత. అది లేదు.
ఇంక ప్రాసెసరు: "ఇది నాలుగో తరమన్నా,
వాళ్ళు ఎనిమిదో తరం నించే ఒప్పుకుంటారు."

మావోళ్ళు పిల్లనిచ్చేటప్పుడు
అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు అడిగేవాళ్ళు.
ఏడింటికే ఎన్నో సంబంధాలు ఇరిగిపోయినాయి.
దీనికి ఎనిమిదంట.

సావుకారి గుండప్ప శెట్టి ఫోన్లో ఒకటే మాట:
"బరువు సరిగ్గా చూపిస్తాందా, లేదా?"
చూపిస్తాంది.
"ఇంక రోగమేంది దానికి?"
రోగం దానికి కాదు సామీ, అనబోతే పెట్టేసినాడు.

షాషావలి చెప్పింది వేరే:
తలుపు అట్లే ఉంటాది, గొళ్ళెం అట్లే ఉంటాది,
దొంగ మాత్రం నెలనెలా కొత్త చెవి చేయించుకుంటాడు.
ఇన్నాళ్ళూ ఎవరో కనపడనోళ్ళు
రెండో మంగళారం రాత్రి వచ్చి
మన గొళ్ళెం మార్చిపోతాండ్రి.
ఇంక రారు.

ఎమ్మిగనూరు పక్క ఒక జిన్నింగు మిల్లులో
పోయినేడు లెక్కలన్నీ గడ్డకట్టినాయంట,
తెర మీద డబ్బడిగే చీటీ.
మూడు దినాలు బండ్లు రోడ్డు మీదే.
వాన కూడా అప్పుడే.

ఆఖరి అప్‌డేట్ రాత్రి నేను ఇంటికి పోలేదు.
అరవై మూడు శాతం కాడ నిలబడింది.
ఆపొద్దు అని రాసి
సుక్కలు గుండ్రంగా తిరుగుతాండాయి.
యూపీయస్ బ్యాటరీ ఎప్పుడో సచ్చింది,
కరెంటు పోకుంటే చాలని
ఈరన్నకు ఒక టెంకాయ మొక్కినా.
బయట కోసిగి ట్రాక్టరు హారను మీద హారను.
పత్తి మీంచి తిక్కమ్మవ్వ దిగి
కిటికీ కాడికొచ్చింది.
"ఏం చేస్తాందప్పా అది?"
"గొళ్ళెం మారుస్తాందవ్వా."
"మార్చనీ" అని గడప మీద కూచుని వక్కాకు తీసింది.
"మా ఇంటికి గొళ్ళెమే లేదు, ఎత్తకపోనీకి ఏముండాది?
దీని లోపల నా తూకముండాది గదా."
డ్రైవరుకు కూడా ఆమెనే చెప్పింది,
హారను ఆగింది.

వంద అయ్యేసరికి పన్నెండున్నర.
పదహారు క్వింటాళ్ళ నలభై.
చీటీని ఆమె రెండు దిక్కులా తిప్పి చూసి
కొంగున ముడేసుకునింది.

తెల్లారి నెట్టు తీగ పీకేసినా.
కొత్త పెట్టె ధర రాసిన కాగితం
తెర ఎనక మేకుకు ఏలాడుతాంది,
శెట్టి వచ్చినప్పుడల్లా దాన్ని తప్ప అన్నీ చూస్తాడు.

బండ్లు లేని ఒక మధ్యాన్నం
పెట్టెను ఎత్తకపోయి కాటా నడుమ పెట్టి
లోపలికొచ్చి ఎర్ర అంకెలు చూసినా.
సున్నా.
ఇరవై కిలోలకు తక్కువ ఏదీ మా కాటాకు కనపడదు.
ఎండకు కాలకముందే తెచ్చుకోవాలని
ఉరికినా, చెప్పులు కూడా లేకుండా.