మూడో మెట్టు

వారాసిగూడల మా కిరాయింటి మెట్లు
కిందికెళ్లి లెక్కపెడితే మూడోది
నా బిడ్డ దుకాణం.
పొద్దుగాల బడి ఆటో వచ్చేదాక,
మళ్ల మాపటికి నల్లా వచ్చేదాక.

గోడకు చాక్‌పీస్‌తోని బోర్డు:
"ఇచ్చట పెన్సిళ్లు చెక్కబడును.
ప్రో: ఎం. జాగృతి, రెండో తరగతి బి."
కింద చిన్నగ:
"విరిగితే మా పూచీ లేదు."
ఇదెక్కడ నేర్చిందో.
పటాలు కట్టే నా దుకాణంల చదివిందేమో,
షట్టర్ ఆఖరిసారి దించకముందు.

ధర ఒక చింతగింజ.
పుచ్చుది చెల్లదు,
గిలాసల నీళ్లు పోసి ఏసి చూస్తది.

మొదటి రోజు గిరాకి లేదు.
తన పెన్సిల్ తనే చెక్కుకుంట కూసున్నది,
జానెడుది బొటనేలంతయ్యేదాక.
రెండో రోజు పొట్టు పారెయ్యకుండ
పువ్వులెక్క కాయితానికంటించి
చెక్కించుకున్నోళ్లకు ఉత్తగ ఇచ్చింది.
ఇగ మెట్ల నిండ లైను,
పాలాయన పక్కకు జరిగి ఎక్కవట్టె.

పై అంతస్తు ఫైజాన్
రెండు బొక్కల షార్ప్‌నర్ కొనుక్కొచ్చి
నాలుగో మెట్టు మీద కూసున్నడు.
నేనైతే కొట్లాడెటోణ్ని.
కొట్లాడిన గూడ, చిలకలగూడ చౌరస్తల,
ఎదురు దుకాణమాయినతోని, మూడేండ్లు.
ఇది జరిగి జాగిచ్చింది:
"లావువి నీకు, సన్నయి నాకు."

బ్యాంకుల చేసే మా బావ నవ్వి అడిగిండు,
"లాభమెంత సేటమ్మా?"
డబ్బా ఊపి వినిపించింది.
"గింజలతోని ఏం కొంటవ్?"
జవాబు చెప్పలే.
అప్పుడే తేలిన మొనను
అరచేతిల మెల్లగ గుచ్చుకొని
సరిపోయిందా లేదా చూసుకుంటున్నది.

నిన్న బీరువ కింద
నా ఖాతా పుస్తకం దొరికిచ్చుకున్నది.
సగం నిండ పేర్లు, రాని పైసలు.
ఆ పేర్లోళ్లు ఎదురైతే
గల్లీ మారేది వాళ్లు కాదు, నేను.
"ఎనక కాయితాలు తెల్లగున్నయి నాన్నా,
తీసుకోనా?"
పుస్తకం తిరగేసి, తలకిందులు చేసి
మొదటి లెక్క రాసింది:
"దీవెన, మూడు గింజలు.
వాళ్లింట్ల చింతపండు ఒడిసింది.
తెచ్చినప్పుడు ఇస్తది."

ఇయ్యాల నేను గూడ లైన్ల నిలబడ్డ,
ఎన్నడో చెవి సందుల పెట్టి మరిచిన
మొద్దు పెన్సిల్ పట్టుకొని.
నా వంతు వచ్చింది. జేబులు తడుముకున్న.
తల ఎత్తకుంటనే చెయ్యి చాపింది:
"నీకు ఉద్దెర లేదు.
మనింట్ల చింతపండు ఉన్నది గద, పో."